పదమూడు మందీ, మిగతావాళ్ళూ

రాబర్ట్ ఓర్మ్ చరిత్ర రెండో సంపుటంలో, బందరు ముట్టడి మొదలవడానికి కాస్త ముందు, ఒక చిన్న కోట వస్తుంది. ఇలా వచ్చి అలా పడిపోతుంది. 1759 మార్చి మొదటి వారం. ఏలూరు నుంచి బందరు మీదికి పోతున్న ఇంగ్లీషు సేనకి దారిలో అడ్డం తగిలిన కోట అది. ఓర్మ్ దాని పేరు ‘కాంకేల్’ అని రాసుకున్నాడు. లోపల ఫ్రెంచివాళ్ళు వదిలివెళ్ళిన ఒక సార్జెంటు, అతని చేతి కింద పదమూడు మంది యూరోపియన్లు, ఇంకా కంపెనీల లెక్కన కొందరు సిపాయిలు. సాయం వస్తుందని సార్జెంటుకి మాట ఇచ్చారు. ఆ మాట నమ్మి అతను తలుపులు బిగించుకుని కూర్చున్నాడు. ఫోర్డ్ పంపిన కెప్టెన్ మెక్లీన్ సిపాయిలతో వచ్చి మీద పడ్డాడు. గోడల మీంచి తుపాకులు పేలాయి. లాభం లేదని ఫిరంగులు తెప్పించారు, గుమ్మం బద్దలుకొట్టారు, లోపలికి దూరారు. దొరికిన సిపాయిల్ని చంపారు. యూరోపియన్లు ఆ నరుకుడు అయ్యేదాకా దాక్కుని, అయ్యాక బయటికొచ్చారు. సాయం బయల్దేరింది గానీ, కోట పడిందని తెలిసి వెనక్కి మళ్ళింది.

అంతే. తర్వాతి వాక్యాల్లో సేన బందరు దారి పట్టేస్తుంది.

మాది ఉంగుటూరు, హైవే మీది ఊరు. ఏలూరు దాటి కొల్లేరు మీదుగా కైకలూరు వెళ్ళే రోడ్డు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ దారిని మనసులో పెట్టుకుని, ‘కాంకేల్’ అనే మాటని ఒక ఇంగ్లీషువాడి నోటితో పలికి చూస్తే, అది కైకలూరే. ఏలూరుని ‘ఎలోర్’ అనీ, ఆనందరాజుని ‘అనందరౌజ్’ అనీ రాసినవాడికి కైకలూరు ‘కాంకేల్’ అవడం పెద్ద కష్టం కాదు. ఆ పేరా మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగింది సంతోషమేనని ఒప్పుకోవాలి. మన ఊళ్ళు పెద్ద పుస్తకాల్లో కనబడితే కలిగే పిచ్చి సంతోషం. రెండోసారి చదివినప్పుడు ఆ సంతోషం నిలవలేదు. ఎందుకు నిలవలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు కథ కొంచెం తెలియాలి. 1753లో నిజాం గద్దె మీదున్న సలాబత్ జంగ్, తన కొలువులో ఉన్న ఫ్రెంచి సేన జీతాల కోసం నాలుగు సర్కార్లు బుస్సీకి రాసిచ్చాడు: ముస్తఫానగర్ (అంటే మన కొండపల్లి), ఏలూరు, రాజమండ్రి, చికాకోల్. బందరు అప్పటికే వాళ్ళ చేతిలో ఉంది. అయిదేళ్ళు గడిచాయి. 1758లో కొత్తగా వచ్చిన లాలీ, బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. బుస్సీ స్థానంలో కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. ఇదే అదను అనుకుని విజయనగరం ఆనందరాజు విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కుని, ఇంగ్లీషువాళ్ళకి కబురుపెట్టాడు. మద్రాసు వాళ్ళు పట్టించుకోలేదు. కలకత్తాలో క్లైవ్ పట్టించుకున్నాడు. ఫ్రాన్సిస్ ఫోర్డ్ అనే కల్నల్ని అక్టోబరులో ఓడల మీద పంపాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో యుద్ధం జరిగింది. ఫ్రెంచివాళ్ళు ఓడి రాజమండ్రి మీదుగా బందరు వైపు పారిపోయారు. ఫిబ్రవరి 6న ఫోర్డ్ ఏలూరు చేరాడు. అక్కడ మూడు వారాలకి పైగా ఆగిపోయాడు, ఎందుకంటే ఇస్తానన్న డబ్బు ఆనందరాజు ఇవ్వడం లేదు, వస్తానన్నవాడు రావడం లేదు. మార్చి 1న ఏలూరు వదిలి, 6న బందరు ముందు దిగాడు. మన కోట ఆ మధ్యలో వస్తుంది. ఏలూరు సర్కారు మీద ఫ్రెంచివాళ్ళ పెత్తనం మొత్తం ఆరేళ్ళు కూడా లేదు. అందులో వాళ్ళ కోటగా ఈ కైకలూరు బతికింది ఇంకెంతకాలమో లెక్కేసుకోండి.

ఇప్పుడు పేరా దగ్గరికి వస్తాను. ఒక రాత్రి దాన్ని తెలుగు చేద్దామని కూర్చున్నాను. సగం దాకా బాగానే నడిచింది. సార్జెంటు నిలబడ్డాడు, మెక్లీన్ వచ్చాడు, ఫిరంగులు వచ్చాయి. సిపాయిలు చనిపోయే చోట మాత్రం నా వాక్యం ఆగిపోయింది. ‘సిపాయిలు చంపబడ్డారు’ అని రాస్తే అది స్కూలు పుస్తకం తెలుగు. మా సాంఘికశాస్త్రం వాచకంలో అందరూ ఇలాగే చంపబడేవాళ్ళు, ఓడింపబడేవాళ్ళు, ఆక్రమింపబడేవాళ్ళు. మామూలుగా మాట్లాడేటప్పుడు మనం అలా అనం. ‘చంపారు’ అంటాం. చంపారు అనగానే, ఎవరు చంపారు అని పక్కనున్నవాడు అడుగుతాడు. మెక్లీన్ చంపాడా? మెక్లీన్ వెంట వెళ్ళినవాళ్ళు చంపారు. మెక్లీన్ వెంట వెళ్ళింది సిపాయిలు. అంటే గుమ్మంలోంచి దూరినవాళ్ళూ సిపాయిలే, లోపల చచ్చినవాళ్ళూ సిపాయిలే. ఇంగ్లీషులో ఆ పేరా ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ మధ్య జరిగిన పోట్లాట. తెలుగులో రాయబోతే అది సిపాయిలు సిపాయిల్ని చంపిన సంగతి. ఓర్మ్ దాన్ని దాచాడని అనను. అతను అన్నీ చెప్పాడు. కానీ ఎవరి వైపు నిలబడి చూస్తే అది కథ అవుతుందో, అటు నిలబడి చెప్పాడు.

ఓర్మ్ చేతకాని రచయితేం కాదు. కేరళ తీరంలో అంజెంగోలో పుట్టాడు, మద్రాసు కౌన్సిల్లో పనిచేశాడు, ఫోర్డ్ విశాఖపట్నంలో దిగిన ఏడాదే ఈ దేశం వదిలి వెళ్ళిపోయాడు. ఆ చరిత్ర మొదటి సంపుటం 1763లో వచ్చింది, రెండోది 1778లో. అంటే కైకలూరు పేరా రాసేటప్పుడు అతని ముందు కొల్లేరు లేదు, కాగితాలున్నాయి. సేనాపతుల ఉత్తరాలు, రోజువారీ నివేదికలు, తిరిగొచ్చినవాళ్ళు చెప్పిన మాటలు. ఆ కాగితాల్లోంచి నేల ఎత్తుపల్లాలూ, కాలవలూ, ఏ వేళకి ఎవరు ఎక్కడున్నారో అన్నదీ ఇంత స్పష్టంగా తీసినవాళ్ళు తక్కువ. తన వాళ్ళ తప్పుల్ని కూడా కప్పిపుచ్చడు. యూరోపియన్లు దాక్కున్నారన్నది ఫ్రెంచివాళ్ళ మీద ఎగతాళి అనుకోవచ్చు. కానీ దాని పక్కనే జరిగింది నరుకుడు అని అతను ఒప్పుకున్నాడు కదా. ఆ నిజాయితీ లేకపోతే ఇవాళ నాకు ఈ పేరా మీద అడగడానికి ప్రశ్నే ఉండేది కాదు.

గొడవంతా లెక్క దగ్గర. యూరోపియన్లు పదమూడు మంది. పన్నెండు కాదు, పద్నాలుగు కాదు. సిపాయిలు మాత్రం కంపెనీలు. పదమూడు మందినీ ఒక్కొక్కళ్ళుగా లెక్కపెట్టడానికి ఒక కారణం ఉంది: ఖైదీగా పట్టుకున్న యూరోపియన్‌కి విలువ ఉంది. రేపు మార్చుకోవచ్చు, మాటమీద వదలొచ్చు, కనీసం గెలుపు జాబితాలో చూపించుకోవచ్చు. సిపాయికి ఆ విలువ లేదు. దాక్కున్న పదమూడు మందికి ఆ సంగతి తెలుసనే నేననుకుంటాను. కాసేపు కనబడకుండా ఉంటే చాలు, ఆవేశం తగ్గాక బయటికొస్తే తమని చంపరు. సిపాయికి దాక్కునే అవకాశం దొరికినా ఆ తర్వాత ఏమవుతుందో అతనికి తెలియదు. ఒకే గోడ వెనక, ఒకే జెండా కింద ఉన్న రెండు రకాల మనుషులకి ఆ మధ్యాహ్నం రెండు రకాల యుద్ధం జరిగింది.

(మధ్యాహ్నమో సాయంత్రమో. నేను రాస్తూ రాస్తూ మధ్యాహ్నం చేసేశాను. కొల్లేటి ఎండ గుర్తొచ్చి ఉంటుంది.)

దీన్ని చందుర్తి పక్కన పెట్టి చదివితే ఇంకా తెలుస్తుంది. చందుర్తిలో ఫోర్డ్ గెలవడానికి ఒక పెద్ద కారణం బట్టల రంగు. బెంగాల్ నుంచి తెచ్చిన సిపాయిలకి ఎర్రకోట్లు ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళకి తెల్లబట్టల సిపాయిలే అలవాటు. పొలాల మధ్య ఎర్రబట్టలు చూసి, అదే ఇంగ్లీషువాళ్ళ గోరాపటాలం అనుకుని, తమ బలమంతా సిపాయిల మీదికి తోశారు. అసలు గోరాపటాలం పక్కనుంచి వచ్చి కొట్టింది. సైనిక చరిత్రల్లో ఇది తెలివైన ఎత్తుగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. నిజంగా తెలివైనదే. కాకపోతే, ఆ ఎత్తు పారాలంటే యూరోపియన్లనుకుని పేల్చిన గుళ్ళని ముందు ఆ సిపాయిలే తినాలి. మూడు నెలల తేడాలో ఈ రెండు చోట్లా సిపాయి పని ఒకటే. చందుర్తిలో తెల్లవాడిలా కనబడినందుకు దెబ్బ తిన్నాడు. కైకలూరులో తెల్లవాడిలా కనబడనందుకు చచ్చాడు.

ఇది సైనిక చరిత్ర, సిపాయిల పేర్లు రాయడం దాని పని కాదు అని ఒక మిత్రుడు వాదించాడు. నేనూ కాసేపు ఊ కొట్టాను. కానీ ఇదే సంపుటంలో, దీనికి ముందు, బొబ్బిలి ఉంది. 1757 జనవరి 24. అక్కడ ఓర్మ్ ఆగుతాడు. కోటలోపల వెలమదొరలు ఆడవాళ్ళనీ పిల్లల్నీ తమ చేతులతోనే చంపి ఇళ్ళకి నిప్పు పెట్టడం, ఒక ముసలివాడు పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఫ్రెంచి అధికారి దగ్గరికి రావడం, రంగారావు తూటా తగిలి పడటం, తర్వాత మూడో రాత్రి విజయరామరాజు డేరాలోకి పగతీర్చుకునేవాళ్ళు దూరడం, ఇవన్నీ విడివిడి మనుషులతో, విడివిడి కదలికలతో రాశాడు. అక్కడ యుద్ధతంత్రం పక్కకిపోయి కథ వచ్చేసింది. అంటే ఓర్మ్‌కి ఆగడం వచ్చు. ఎవరి దగ్గర ఆగాలన్నదే ప్రశ్న. రాజు దగ్గరా, రాజు పరువు దగ్గరా ఆగాడు. నెలజీతానికి తుపాకీ మోసేవాడి దగ్గర ఆగలేదు.

ఇక్కడ ఓర్మ్ ఒక్కణ్ణే అని లాభం లేదు. మనమూ అక్కడే ఆగాం. దిట్టకవి నారాయణకవి బొబ్బిలి మీద ‘రంగరాయ చరిత్రము’ రాశాడు. జంగంకథలు బొబ్బిలిని ఊరూరా తిప్పాయి. 1964లో సినిమా వచ్చింది. తాండ్ర పాపారాయుడు పేరు తెలియని తెలుగువాడు ఉండడు. బొబ్బిలి పాటకి అర్హం కాదని నేననడం లేదు. కాని పాట పుట్టాలంటే చచ్చినవాడికి వంశం ఉండాలి, వంశానికి మాన్యాలుండాలి, మాన్యాల మీద బతికే కవో గాయకుడో ఉండాలి. జీతం సిపాయికి ఇవేవీ లేవు. అతను ఏ ఊరివాడో ఆ ఊరికి కబురు అందిందో లేదో కూడా తెలియదు. పైగా ఎవరి కోసం చచ్చాడని పాడతాం? ఫ్రెంచి రాజు కోసమా? సలాబత్ జంగ్ రాసిచ్చిన జీతం కాగితం కోసమా? అతని చావులో మనం గర్వపడటానికి ఏమీ లేదు. ద్రోహి అని తిట్టడానికీ లేదు. వీరగాథకి ఈ రెంటిలో ఒకటి కావాలి.

ఇంకో పోలిక మా కొల్లేటిలోనే ఉంది. కైకలూరుకి దగ్గర్లో కొల్లేటికోట, అక్కడ పెద్దింట్లమ్మ గుడి. ఫాల్గుణ మాసంలో జాతర. మా ఇళ్ళలో తిరిగే కథ ఏమిటంటే, ఒకప్పుడు ఓఢ్ర గజపతుల కోట ఆ నీళ్ళ మధ్య ఉండేది. శత్రువులు చిగురుకోట దగ్గర దిగి, కోటని పట్టడానికి కొల్లేటి నీళ్ళని సముద్రంలోకి పంపేందుకు ఉప్పుటేరు తవ్వించారు. దేవత అనుగ్రహం కోసం ఒక సేనాని సొంత కూతుర్నే బలి ఇచ్చాడు. ఆ కాలవకి పేరంటాళ్ళ కనమ అని పేరు. చరిత్రకారులు ఈ కథలో ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేల్చుకుంటారు. నా ఆసక్తి వేరు. ఆ కోటకి అమ్మవారు ఉంది, జాతర ఉంది, చచ్చిపోయిన ఆడపిల్ల పేరు కాలవ మీద ఉంది. కైకలూరు కోటకి అచ్చులో సాక్ష్యం ఉంది, సంవత్సరం ఉంది, వారం ఉంది, కెప్టెన్ పేరు ఉంది, తలుపు ఎలా బద్దలైందో ఉంది. జనం నోట్లో మాత్రం ఏమీ లేదు. పంచాంగం వెనక్కి తిప్పి చూస్తే ఆ మార్చి మొదటి వారం కూడా ఫాల్గుణమే. ఇది చూసి ఒక క్షణం ఒళ్ళు జలదరించింది. తర్వాత, ఇందులో నిరూపించేదేమీ లేదు, ఊరికే కలిసిందిలే అనుకున్నాను.

కోట అక్కడ ఎందుకు పెట్టారన్నది మాత్రం కొల్లేరు తెలిసినవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిపోసిన నీళ్ళతో వానాకాలంలో కొల్లేరు ఉప్పొంగి ఉంటుంది. అప్పుడు ఏలూరు నుంచి నేరుగా బందరు పోవాలంటే పడవలు కావాలి, ఫిరంగులతో సేన దాటదు. అప్పుడు బందరుకి కావలి కొల్లేరే. ఎండలు ముదిరేకొద్దీ నీళ్ళు వెనక్కి పోతాయి, అంచులు ఎండుతాయి, బళ్ళు నడిచే దారి పడుతుంది. దారి పడ్డ ఆ కొన్ని నెలలకే అక్కడ తుపాకులతో మనుషులు కావాలి. నా ఊహ నిజమైతే ఆ కోట ఏడాదిలో కొన్నాళ్ళే సరిహద్దు. పటంలో గీసే గీతలాంటి సరిహద్దు కాదు, నీటిమట్టం చెప్పే సరిహద్దు. ఆ పదమూడు మందీ మిగతావాళ్ళూ అక్కడ నిలబడింది నీళ్ళు లేని చోట నీళ్ళకి బదులుగా.

కొల్లేటి హద్దు గొడవ తర్వాత కూడా తీరలేదు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఎక్కడిదాకా కొల్లేరు, ఎక్కడినుంచి మనిషి అన్నది ఇంకా కోర్టుల్లో, సర్వేరాళ్ళ దగ్గర, ఎన్నికల సభల్లో నడుస్తూనే ఉంది. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నాకు అందుకే ముఖ్యమైన నవల. అక్కడ కొల్లేరు వెనక దృశ్యంగా ఉండదు, ఊరి బతుకే అది. 1759 మీద కథ రాసేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఓర్మ్ దగ్గర తేదీలు తీసుకుని, మనుషుల కోసం ఇలాంటి పుస్తకం దగ్గరికి వెళ్ళాలని నా సలహా. బురద ఎక్కడ కాలు లాగేస్తుందో, కిక్కిసగడ్డిలో మనిషి ఎంతసేపు దాక్కోగలడో ఓర్మ్‌కి తెలియదు.

కైఫీయత్తుల్లో దొరకదా అని అడగొచ్చు. కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ ఇతరులూ ఊరూరా పోగేసిన కరణాల లెక్కలు మన దగ్గర ఉన్న గొప్ప నిధి. కానీ కరణం జ్ఞాపకం పనిచేసే పద్ధతి వేరు. ఏ దేవుడికి ఎన్ని కుచ్చెళ్ళ మాన్యం, ఏ దొర ఎవరికి ఏ హక్కు ఇచ్చాడు, ఎవరి తర్వాత ఎవరు శిస్తు కట్టించుకున్నారు: ఇవి పోతే ఊరు నష్టపోతుంది కనక ఇవి గుర్తుంటాయి. కోటలో ఆరు నెలలో ఏడాదో కాపలా ఉండి, ఒక పూటలో చచ్చిపోయిన పరాయి జీతగాళ్ళ వల్ల ఊరికి హక్కూ రాలేదు, పన్నూ పోలేదు. అందుకని, ఇంగ్లీషు కాగితంలో సిపాయి ఒక సంఖ్య కాకపోతే, తెలుగు కాగితంలో అతను అసలు పద్దే కాకపోవచ్చు. మన మూలాలు వేరు, వాళ్ళ మూలాలు వేరు, మనవి తెరిస్తే మనవాళ్ళు దొరుకుతారు అని మేము కాలేజీ రోజుల్లో తెగ మాట్లాడుకునేవాళ్ళం. అన్నిసార్లూ దొరకరు.

ఆ తర్వాత కథ అందరికీ తెలిసినదే, క్లుప్తంగా చెప్తాను. బందరు ముందు ఫోర్డ్ నెలరోజులు కూర్చున్నాడు. డబ్బు అయిపోయింది. గోరాసైనికులు జీతం బాకీ, కొల్లసొమ్ము వాటా అడుగుతూ తిరగబడ్డారు. వాళ్ళని బుజ్జగించి, మాటిచ్చి నిలబెట్టుకున్నారు. తిరగబడితే బుజ్జగించాల్సినవాళ్ళు ఎవరో కూడా ఈ పుస్తకం చెప్పకనే చెప్తుంది. ఏప్రిల్ 7 రాత్రి చీకట్లో, కోట చుట్టూ ఉన్న బురదలో పడి నడిచి, గోడలెక్కి బందరు పట్టుకున్నారు. మే 14న సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం రాసుకుని, ఫ్రెంచివాళ్ళని ఈ తీరంలో అడుగుపెట్టనివ్వనన్నాడు. కైకలూరులో మిగిలిన గోడలు ఇక ఎవరికీ అక్కర్లేదు. ఎవరినుంచి ఎవరిని కాపాడాలని అవి కట్టారో ఆ ఇద్దరిలో ఒకరు లేరు. ఫోర్డ్‌కి ఇంగ్లాండులోని డైరెక్టర్లు రావలసిన మెప్పు ఇవ్వలేదు. పదేళ్ళ తర్వాత, 1769లో, మళ్ళీ ఇండియాకి వస్తుండగా ‘అరోరా’ అనే ఓడతో సహా సముద్రంలో కనబడకుండా పోయాడు.

పోయిన సంక్రాంతికి కైకలూరు వెళ్ళాను. పెద్ద ఎడ్లగాడి వంతెన దగ్గర బస్సు కాసేపు ఆగింది. నీళ్ళు బాగా ఉన్నాయి. సెంటర్లో టీ తాగుతూ ఒక పెద్దాయన్ని, ఇక్కడ పాతకాలం కోట ఏదైనా ఉండేదా తాతయ్యా అని అడిగాను. ‘కోటంటే కొల్లేటికోటే గదా బాబూ, అమ్మవారి గుడికేగా? ఆటో ఎక్కు’ అన్నాడు. ఫ్రెంచివాళ్ళ కోట అన్నాను. కాసేపు ఆలోచించి, ‘ఫ్రెంచోళ్ళంటే యానాం వెళ్ళాలి’ అన్నాడు. పక్కనున్న కుర్రాడు ఫోన్లోంచి తలెత్తి, ఆటపాకలో గూడబాతులు వచ్చాయి, చూసుకుని వెళ్ళండి అన్నాడు. వెళ్ళి చూశాను. బోలెడు ఉన్నాయి. లెక్కపెట్టబోయి, నలభై దాటాక మానేశాను.